ఎక్స్‌టెన్షన్లు ఫైల్లో రాశాను, స్విచ్ సక్సెస్ అంది, ఎడిటర్లో మాత్రం లేవు

కొత్తలాప్‌టాప్
రెండు మెషీన్లు వాడతాను. రెండింట్లోనూ కోడ్ రాసే ఎడిటర్, విఎస్ కోడ్, ఒకేలా ఉండాలని ఎప్పట్నుంచో కోరిక. ఒకదాంట్లో ఏదో ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కి తగిలించే అదనపు ముక్క) ఇన్‌స్టాల్ చేస్తాను, రెండోదాంట్లో మర్చిపోతాను. పోయిన నెల కోడ్ వరసలు సర్దే ఒక ఫార్మాటర్ ఎక్స్‌టెన్షన్ ఒక మెషీన్లో దానంతటదే అప్‌డేట్ అయిపోయింది, రెండోదాంట్లో కాలేదు. నేను మార్చింది 3 లైన్లు, కమిట్‌లో కనిపించింది 400 లైన్లు. రివ్యూ చేసేవాళ్లు "ఇందులో నువ్వు రాసింది ఎక్కడుందో కాస్త చూపించు" అన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సరే, ఈసారి పద్ధతిగా చేద్దామని నిక్స్ పెట్టాను, ఏమేం ఉండాలో ఫైల్లో రాస్తే అలాగే పెట్టే ప్యాకేజీ మేనేజర్. యూజర్ సెటప్ చూసుకునే దాని తోడు టూల్ హోమ్ మేనేజర్‌లో ఎక్స్‌టెన్షన్ల జాబితా రాశాను. మూడు సాయంత్రాలు పట్టింది. ఇప్పుడు పరిస్థితి ఇది.

పాత మెషీన్ (మామూలు లినక్స్, దానిమీద నిక్స్): జాబితాలో 22 ఉన్నాయి. స్విచ్ (ఫైల్లో రాసినదాన్ని అమలుచేసే కమాండ్) ఒక్క ఎర్రర్ కూడా లేకుండా పూర్తయింది. ఎడిటర్ తెరిస్తే ఎప్పుడో చేత్తో పెట్టుకున్న 14 మాత్రమే ఉన్నాయి. కొత్తది ఒక్కటీ లేదు.

కొత్త మెషీన్ (నిక్స్ఓఎస్, అంటే నిక్స్ మీదే కట్టిన లినక్స్): అదే ఫైలు. 22కి 22 వచ్చాయి. కానీ ఫాంట్ సైజు మార్చబోతే సెట్టింగ్స్ ఫైల్లో రాయలేను అంటోంది.

ఇవి కాక నాకు కావాల్సినవి రెండు నిక్స్‌ప్యాకేజెస్‌లో (నిక్స్ వాళ్ల ప్యాకేజీల భండారం) అసలు లేవు. ఉన్న ఆ ఫార్మాటర్ కూడా నేను వాడుతున్న దానికన్నా పాత వెర్షన్.

మీరంతా ఎలా చేస్తున్నారు? అన్నీ ఫైల్లోనే రాస్తారా, సగం చేత్తో పెడతారా?

ఈమాక్స్_సన్యాసి
ఎడిటర్ మార్చు.

పాతటెర్మినల్
ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఒక టెక్స్ట్ ఫైల్లో లైనుకొక ఎక్స్‌టెన్షన్ పేరు రాయి. ఆ ఫైలు చదివి ఒక్కోదానికీ "కోడ్ ఇన్‌స్టాల్ ఎక్స్‌టెన్షన్" కమాండ్ నడిపే 5 లైన్ల షెల్ స్క్రిప్ట్ రాయి. నాది ఆరేళ్లుగా నడుస్తోంది. మూడు సాయంత్రాలు కాదు, మూడు నిమిషాలు.

హ్యాష్‌తప్పింది
పాతటెర్మినల్ గారితో గొడవ తర్వాత పెట్టుకుందాం. ముందు ఆ పాత మెషీన్ సంగతి చూద్దాం. అదే ఫైలు ఒకచోట పనిచేసి ఇంకోచోట చేయకపోవడం నిక్స్‌లో అరుదు. కాబట్టి తేడా ఫైలు బయట ఎక్కడో ఉంది.

ఇవి చెప్పు: ఫ్లేక్ (నిక్స్ ఫైళ్లని ఒక ప్రాజెక్టుగా, వెర్షన్లు లాక్ చేసి పెట్టే పద్ధతి) వాడుతున్నావా? వాడితే ఎక్స్‌టెన్షన్ల జాబితా వేరే ఫైల్లో ఉందా? ఆ ఫైలుని గిట్‌లో (ఫైళ్ల మార్పులు గుర్తుపెట్టుకునే టూల్) యాడ్ చేశావా?

కొత్తలాప్‌టాప్
ఫ్లేకే. యాడ్ చేశాను. మొదటి రోజు చేయలేదు, ఫైలు కళ్లెదురుగా ఉంటే "అలాంటి ఫైలు లేదు" అంది. గంట సేపు స్పెల్లింగ్ చూసుకున్నాను.

సెమికోలన్_సుందరి
ఆ గంట అందరం కట్టిన పన్నే. గిట్‌కి తెలియని ఫైలు ఫ్లేక్‌కి కనిపించదు. కమిట్ అక్కర్లేదు, యాడ్ చేస్తే చాలు. ఎవరూ ముందు చెప్పరు.

కొత్తలాప్‌టాప్
రెండో రోజు లిస్టులో కామాలు పెట్టాను. దానికి ఇంకో గంట.

సెమికోలన్_సుందరి
నిక్స్ లిస్టులో కామాలు ఉండవు, ఖాళీలే. పేరుకి విలువ ఇచ్చే ప్రతి వరస చివరా మాత్రం సెమికోలన్ కావాలి. నా హ్యాండిల్ ఊరికే పెట్టుకోలేదు.

రాత్రిపాళీ
విండో మూసి తెరిచావా? నడుస్తున్న ఎడిటర్ కింద నుంచి ఫోల్డర్ మారిస్తే ఒక్కోసారి దానికి తెలియదు.

కొత్తలాప్‌టాప్
విండో కాదు, మెషీనే రీస్టార్ట్ చేశాను. రెండుసార్లు.

హ్యాష్‌తప్పింది
సరే. హోమ్ డైరెక్టరీలో చుక్క విఎస్‌కోడ్ ఫోల్డర్, దాని లోపల ఎక్స్‌టెన్షన్స్. అక్కడ లాంగ్ లిస్టింగ్ కొట్టి ఏం కనిపిస్తుందో చెప్పు.

కొత్తలాప్‌టాప్
22 ఉన్నాయి. ప్రతి పేరు పక్కనా బాణం గుర్తు, ఆ తర్వాత నిక్స్ అన్నీ దాచే స్టోర్ ఫోల్డర్ దారి, పొడుగాటి గజిబిజి అక్షరాలు. అంటే వచ్చినట్టేగా? మరి ఎడిటర్‌కి ఎందుకు కనపడవు?

ఇంకో విచిత్రం. ఎడిటర్లో ఉన్న ఆ 14 ఈ ఫోల్డర్లో లేవు.

ఈమాక్స్_సన్యాసి
దెయ్యం.

హ్యాష్‌తప్పింది
దెయ్యం కాదు కానీ దగ్గరకొచ్చాం. ఎడిటర్లో ఉన్నవి ఈ ఫోల్డర్లో లేవంటే, ఎడిటర్ ఈ ఫోల్డర్ చదవడం లేదు. ఇంకో ప్రశ్న. పాత మెషీన్లో మొదటిసారి స్విచ్ కొట్టినప్పుడు "అన్‌ఫ్రీ లైసెన్స్" (ఓపెన్ సోర్స్ కాదు) అని ఆగిందా?

కొత్తలాప్‌టాప్
ఆగింది. విఎస్‌కోడ్ ప్యాకేజీ అన్‌ఫ్రీ అంది. అలో అన్‌ఫ్రీ ఆన్ చేశాక సాగింది. దానికీ దీనికీ ఏం సంబంధం?

హ్యాష్‌తప్పింది
ఇప్పుడు నువ్వు రోజూ నొక్కే ఆ ఐకాన్‌తో ఎడిటర్ తెరువు. హెల్ప్ మెనూ, అబౌట్. అక్కడ ఏ పేరుందో చదివి చెప్పు.

కొత్తలాప్‌టాప్
విఎస్‌కోడియం.

ఓహో.

అయ్యో.

సెమికోలన్_సుందరి
😂😂

రాత్రిపాళీ
రెండు ఎడిటర్లు! ఇన్నాళ్లూ ఒకదానికి వండి ఇంకోదానికి వడ్డిస్తున్నావు.

హ్యాష్‌తప్పింది
మొత్తం కథ ఇది. నీ పాత మెషీన్లో ఎప్పుడో సిస్టమ్ ప్యాకేజీగా విఎస్‌కోడియం, అంటే విఎస్ కోడ్ సోర్స్‌తోనే వేరేవాళ్లు కట్టిన ఎడిటర్, పెట్టుకున్నావు. దాని ఎక్స్‌టెన్షన్లు చుక్క విఎస్‌కోడ్ హైఫన్ ఓఎస్ఎస్ అనే ఫోల్డర్లో ఉంటాయి. హోమ్ మేనేజర్‌కి నువ్వు ఏ ప్యాకేజీ అని చెప్పలేదు కాబట్టి అది మైక్రోసాఫ్ట్ వాళ్ల విఎస్ కోడ్‌ని తెచ్చి, దాని ఫోల్డర్లో 22 లింకులు పెట్టింది. కిటికీ చూడ్డానికి ఒకేలా ఉంటుంది, రంగులు కూడా అవే. విఎస్‌కోడియం ఎంఐటీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ది, దానికైతే అన్‌ఫ్రీ గొడవ రాదు. ఆ ఎర్రర్ వచ్చిందంటేనే అనుమానం వచ్చింది.

పరిష్కారం ఒక లైను: ప్రోగ్రామ్స్ విఎస్‌కోడ్ కింద ప్యాకేజీ అనేచోట విఎస్‌కోడియం అని రాయి. లేదా ఐకాన్ మార్చి విఎస్ కోడ్‌కే వెళ్లిపో. రెండింట్లో ఒకటి, సిస్టమ్‌ది మాత్రం తీసెయ్.

కొత్తలాప్‌టాప్
సిగ్గుగా ఉంది కానీ థాంక్స్ అన్నా. ఇక్కడితో ఆ చాప్టర్ క్లోజ్. కోడియంకే వెళ్తాను, అలవాటైంది.

ఊరికేచూస్తా
కోడియంకి వెళ్లేముందు నీ 22లో పైలాన్స్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల పైథాన్ ఎక్స్‌టెన్షన్) ఉందేమో చూసుకో. అది మైక్రోసాఫ్ట్ ఉత్పత్తులతో మాత్రమే వాడాలని లైసెన్స్‌లో ఉంది, కోడియంలో నడవదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెన్షన్ల మార్కెట్‌ప్లేస్ నిబంధనలూ అంతే. అందుకే కోడియం వాళ్లు ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ విఎస్‌ఎక్స్ అనే ఎక్స్‌టెన్షన్ల భండారం నుంచి తెచ్చుకుంటారు. పైథాన్‌కి బేస్డ్‌పైరైట్ పెట్టుకో, అక్కడ దొరుకుతుంది. నేను మారి చాలా రోజులైంది, వెనక్కి చూడలేదు.

కొత్తలాప్‌టాప్
ఉంది. 😐 అంటే 21.

సెమికోలన్_సుందరి
ఇప్పుడు సెట్టింగ్స్ సంగతి. కొత్త మెషీన్లో యూజర్ సెట్టింగ్స్ కూడా నిక్స్‌లోనే రాసుకున్నావు కదా? అప్పుడు ఆ సెట్టింగ్స్ జేసన్ ఫైలు నిజమైన ఫైలు కాదు, నిక్స్ స్టోర్‌కి లింకు. స్టోర్ అంతా రీడ్ ఓన్లీ. ఎడిటర్ రాయబోతే గోడకి తగులుతుంది. అది బగ్ కాదు, నువ్వు అడిగిందే అది ఇచ్చింది.

మూడు దారులున్నాయి, నేను మూడూ నడిచాను. మొదట్లో అన్నీ నిక్స్‌లో రాశాను. ఫాంట్ ఒక పాయింటు పెంచడానికి ఫైలు తెరవడం, మార్చడం, స్విచ్, మళ్లీ చూడడం, నచ్చకపోతే మళ్లీ. వారంలో విసుగొచ్చింది. తర్వాత సెట్టింగ్స్ పూర్తిగా వదిలేశాను, ఎక్స్‌టెన్షన్లు మాత్రమే నిక్స్‌లో. అప్పుడు రెండు మెషీన్ల సెట్టింగ్స్ వేరైపోయాయి, మొదటికొచ్చింది కథ. ఇప్పుడు సెట్టింగ్స్ జేసన్‌ని నా డాట్‌ఫైల్స్ (సెట్టింగ్ ఫైళ్లు) గిట్ ఫోల్డర్లోనే మామూలు ఫైలుగా ఉంచి, హోమ్ మేనేజర్‌లోని ఎంకే అవుట్ ఆఫ్ స్టోర్ సింలింక్ అనే ఫంక్షన్‌తో దానికి లింకు పెట్టాను. ఎడిటర్ హాయిగా రాస్తుంది, అది రాసింది గిట్ డిఫ్‌లో, అంటే మారిన లైన్ల జాబితాలో, కనపడుతుంది. నచ్చితే కమిట్, లేకపోతే పారెయ్యడం.

హ్యాష్‌తప్పింది
నేను సుందరి గారితో ఒప్పుకోను. రాయలేకపోవడమే నాకు కావాల్సింది. ఎక్స్‌టెన్షన్లు అడక్కుండా సెట్టింగ్స్‌లో చెత్త రాస్తాయి. "మళ్లీ చూపించకు" బటన్ నొక్కితే ఒక లైను. ఏడాదికి ఫైలు చూస్తే సగం ఎవరు రాశారో తెలియదు.

సెమికోలన్_సుందరి
డిఫ్‌లో కనిపిస్తుంది కదండీ, చెత్త అయితే పారేస్తాను. మీరు తలుపుకి తాళం వేశారు, నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. అంతే తేడా.

పాతటెర్మినల్
మీ ఇద్దరిలో ఎవరికీ తలుపే అక్కర్లేదని నా అభిప్రాయం. ఎడిటర్లోనే సెట్టింగ్స్ సింక్ ఉంది, లాగిన్ అయితే ఎక్స్‌టెన్షన్లతో సహా వస్తాయి.

ఊరికేచూస్తా
కోడియంలో ఆ సింక్ లేదు గురూ. పైగా మామూలుగా అది వెర్షన్ పట్టుకోదు. కొత్తలాప్‌టాప్ బాధంతా వెర్షన్ గురించే.

పాతటెర్మినల్
నా స్క్రిప్ట్ పట్టుకుంటుంది. పేరు తర్వాత యట్ గుర్తు పెట్టి వెర్షన్ నంబర్ రాస్తే సరిగ్గా అదే ఇన్‌స్టాల్ అవుతుంది. ఆటో అప్‌డేట్ సెట్టింగ్ ఆఫ్. ఇంకేం కావాలి?

రోల్‌బ్యాక్_రాణి
జాబితాలోంచి ఒక లైను తీసేస్తే మెషీన్లోంచి పోతుందా?

పాతటెర్మినల్
...పోదు. దానికి ఇంకో 4 లైన్లు రాయాలి. మొత్తం లిస్టు తెప్పించి, ఫైల్లో లేనివి తీసేసేలా. రాస్తాను ఎప్పుడో.

రోల్‌బ్యాక్_రాణి
ఆరేళ్లుగా "ఎప్పుడో"నా 🙂 అసలు తేడా అక్కడే ఉంది. మీ స్క్రిప్ట్ "ఇవి చెయ్యి" అని చెబుతుంది. నిక్స్ ఫైలు "ఇలా ఉండాలి" అని చెబుతుంది. లైను తీస్తే పోతుంది, వేస్తే వస్తుంది. నచ్చకపోతే పాత జనరేషన్‌కి (ముందటి స్విచ్ మిగిల్చిన స్థితికి) వెనక్కి వెళ్లిపోవచ్చు. నేను నెలకోసారి వెళ్తాను.

బ్రూబాబు
మ్యాక్ వాళ్లకి మధ్యే మార్గం ఒకటుంది, ఎవరూ చెప్పట్లేదు. హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ మేనేజర్ వాళ్ల బ్రూఫైల్లో విఎస్‌కోడ్ అని మొదలుపెట్టి లైనుకొక ఎక్స్‌టెన్షన్ రాయొచ్చు. బండిల్ డంప్ కొడితే ఇప్పుడు నా దగ్గర ఉన్నవన్నీ అదే రాసిచ్చేస్తుంది. బండిల్ క్లీనప్‌కి ఫోర్స్ ఆప్షన్ తగిలించి కొడితే జాబితాలో లేనివి పోతాయి. వెర్షన్ మాత్రం పట్టుకోదు, ఎప్పుడూ తాజాదే. నాకది చాలు.

పాతటెర్మినల్
ఇదిగో, ఇది మనిషి వాడే పద్ధతి.

ఈమాక్స్_సన్యాసి
ఇందాక ఊరికే అన్నాను కానీ, నిజంగా చెప్తున్నా. ఈమాక్స్‌కి హోమ్ మేనేజర్‌లో ఎక్స్‌ట్రా ప్యాకేజెస్ అని ఒక లిస్టు, అందులో మ్యాగిట్, ఇంకేం కావాలో అవి. స్విచ్. అయిపోయింది. మా వాటిలో చాలావరకు ఉత్త ఈలిస్ప్ (ఈమాక్స్ సొంత భాష) ఫైళ్లే కాబట్టి బైనరీల గోల తక్కువ. మార్కెట్‌ప్లేస్ లైసెన్సుల గోల లేదు. ఎడిటర్ మార్చు అన్నది జోక్ కాదు.

రాత్రిపాళీ
బైనరీల గోల అన్నారు కాబట్టి కొత్తలాప్‌టాప్‌కి ఒక హెచ్చరిక. నిక్స్ఓఎస్ మెషీన్లో ఇది తప్పకుండా తగులుతుంది. నాకు పాత విడుదలలో, రాత్రి రెండింటికి తగిలింది. సి ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్ మార్కెట్‌ప్లేస్ నుంచి ఉన్నది ఉన్నట్టు దింపాను. ఎక్స్‌టెన్షన్ కనిపిస్తోంది కానీ దాని లాంగ్వేజ్ సర్వర్ (వెనక ఉండి కోడ్‌ని అర్థంచేసుకునే ప్రోగ్రామ్) లేవట్లేదు. లాగ్ చూస్తే "అలాంటి ఫైలు గానీ డైరెక్టరీ గానీ లేదు". ఆ దారికి వెళ్లి చూశాను. ఫైలు ఉంది. సైజు ఉంది. నడిపే పర్మిషన్ ఉంది. చేత్తో నడిపితే మళ్లీ అదే మాట, లేదు అని. ఉన్నదాన్ని లేదంటుంటే మనకే పిచ్చెక్కిందేమో అనిపిస్తుంది.

లేనిది ఆ ఫైలు కాదు. ఆ బైనరీ లోపల "నన్ను లిబ్64 ఫోల్డర్లో ఉన్న డైనమిక్ లోడర్ నడపాలి" అని రాసి ఉంటుంది. ప్రోగ్రామ్‌ని దాని లైబ్రరీలతో కలిపి లేపేది ఆ లోడరే. నిక్స్ఓఎస్‌లో ఆ దారిలో మామూలు లోడర్ ఉండదు, అన్నీ స్టోర్‌లోనే ఉంటాయి. 24.05కి ముందు విడుదలల్లో కెర్నల్ లోడర్ కోసం వెతికి, దొరక్క, "లేదు" అనేది. ఏది లేదో చెప్పేది కాదు. ఇప్పుడు ఇలాంటి బైనరీ ఇక్కడ నడవదని సూటిగా చెబుతుంది, నడవకపోవడం మాత్రం అదే.

సెమికోలన్_సుందరి
ఇది చదివి నాకు రెండేళ్ల క్రితం రాత్రి ఒకటి గుర్తొచ్చింది. చెప్పను.

రాత్రిపాళీ
మందులు: నిక్స్‌ప్యాకేజెస్‌లో అదే ఎక్స్‌టెన్షన్ ఉంటే అక్కడిదే వాడు, కాస్త పాతదైనా సరే. ప్యాచ్ఎల్ఫ్‌తో ఆ లోడర్ దారిని సరిచేసి పెట్టి ఉంటారు. అక్కడ లేకపోతే నిక్స్ ఎల్‌డి ఆన్ చెయ్యి, ఆ పాత దారిలో ఒక ఉత్తుత్తి లోడర్ పెడుతుంది. మూడోది, ఎడిటర్నే ఎఫ్‌హెచ్ఎస్ రకం వాడడం, అప్పుడు ఎడిటర్‌కి మామూలు లినక్స్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. రిమోట్ ఎస్ఎస్‌హెచ్‌తో నిక్స్ఓఎస్ మెషీన్‌కి కనెక్ట్ అయ్యేవాళ్లకీ ఇదే జబ్బు, అది అక్కడ దింపే నోడ్ బైనరీ లేవదు. దానికి కూడా నిక్స్ ఎల్‌డి పనిచేస్తుంది.

బ్రూబాబు
మ్యాక్‌లో నిక్స్ వాడితే ఈ లోడర్ బాధ లేదు. ఊరికే చెప్తున్నా.

కొత్తలాప్‌టాప్
రాసుకున్నాను. నాది ఫార్మాటర్, థీమ్ లాంటివే ఎక్కువ, సి ప్లస్ ప్లస్ లేదు. రస్ట్ ఉంది.

రాత్రిపాళీ
రస్ట్ అనలైజర్ నిక్స్‌ప్యాకేజెస్‌లో ఉంది. అక్కడిదే తీసుకో, వాదించకు.

కొత్తలాప్‌టాప్
మరి అసలు లేని ఆ రెండింటి సంగతి?

హ్యాష్‌తప్పింది
రెండు దారులు. చిన్న దారి: నిక్స్ విఎస్‌కోడ్ ఎక్స్‌టెన్షన్స్ అని నిక్స్ కమ్యూనిటీ వాళ్ల ఫ్లేక్ ఒకటుంది. మార్కెట్‌ప్లేస్‌లో, ఓపెన్ విఎస్‌ఎక్స్‌లో ఉన్నవి దాదాపు అన్నీ రోజూ ఏరి పెడతారు. ఇన్‌పుట్స్‌లో వేసుకుని, ఓపెన్ విఎస్‌ఎక్స్, చుక్క, పబ్లిషర్, చుక్క, పేరు అని రాయడమే. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో రాయాలి. పబ్లిషర్ పేరు అంకెతో మొదలైతే కోట్స్ పెట్టాలి, లేకపోతే నిక్స్ దాన్ని పేరని ఒప్పుకోదు. వెర్షన్ ఏదో నీ ఫ్లేక్ లాక్ ఫైల్లో ఉంటుంది. లాక్ కమిట్ చేసినంతకాలం రెండు మెషీన్లలోనూ ఒకటే.

పొడుగు దారి: ఒక్కోదాన్నీ నువ్వే పిన్ చేసుకోవడం, అంటే ఒకే వెర్షన్‌కి కట్టేయడం. పేరు, పబ్లిషర్, వెర్షన్, హ్యాష్ (ఫైల్లో ఉన్నదాన్నిబట్టి లెక్కకట్టే వేలిముద్ర), ఈ నాలుగూ ఇస్తే విఎస్ఐఎక్స్ దింపి పెడుతుంది. విఎస్ఐఎక్స్ అంటే పెద్ద వింత కాదు, జిప్ ఫైలే. హ్యాష్ తెలియదు కదా? ముందు ఫేక్ హ్యాష్ అని పెట్టి బిల్డ్ కొట్టు. అది ఫెయిలై, నువ్వు ఇచ్చింది ఇది, నాకు వచ్చింది ఇది అని రెండు లైన్లు చూపిస్తుంది. రెండో లైను కాపీ చేసి పెట్టు. ఫెయిల్ చేయించి జవాబు రాబట్టడం, కాపీ కొట్టడంలో కొత్త పద్ధతి.

ఊరికేచూస్తా
మీ హ్యాండిల్ వెనక కథ ఇదేనా?

హ్యాష్‌తప్పింది
కాదు, ఇంకా అవమానకరం. వెర్షన్ 2.3 నుంచి 2.4కి మార్చాను, హ్యాష్ మార్చడం మర్చిపోయాను. ఎర్రర్ వస్తుందనుకుంటారు కదా? రాలేదు. బిల్డ్ సక్సెస్. ఫోల్డర్ పేరు, అన్నీ 2.4 అనే చూపిస్తున్నాయి. కానీ 2.4లో సరిచేశామన్న బగ్ అలాగే ఉంది. ఆ ఎక్స్‌టెన్షన్ రాసినాయనకి "మీరు సరిచేయలేదు" అని ఇష్యూ కూడా పెట్టాను. స్క్రీన్‌షాట్‌తో.

తర్వాత స్టోర్‌లోకి వెళ్లి లోపలి ప్యాకేజ్ జేసన్ తెరిస్తే అందులో 2.3. జరిగిందేంటంటే, ఇలా దింపే ఫైళ్లని నిక్స్ హ్యాష్‌తోనే గుర్తుపడుతుంది. ఆ హ్యాష్ ఉన్న ఫైలు స్టోర్‌లో ఇప్పటికే ఉంటే, దాని పేరూ మారకపోతే, మళ్లీ దింపదు. "ఇది నా దగ్గరుందిగా" అని పాతదే ఇచ్చేస్తుంది. ఇష్యూ క్లోజ్ చేసి, సారీ చెప్పి, ఇక్కడికొచ్చి ఈ పేరుతో అకౌంట్ తెరిచాను.

ఈమాక్స్_సన్యాసి
స్క్రీన్‌షాట్‌తో. 🙏

రోల్‌బ్యాక్_రాణి
అందుకే వెర్షన్ మార్చినప్పుడు మొదట హ్యాష్‌ని ఫేక్ చేసెయ్యాలి, అలవాటుగా. మొదట హ్యాష్, తర్వాత వెర్షన్.

సెమికోలన్_సుందరి
ఆ రోజువారీ ఫ్లేక్‌తో ఇంకో ముల్లు ఉంది. ఎక్స్‌టెన్షన్ నిన్నటిది, ఎడిటర్ మాత్రం స్టేబుల్ ఛానల్లోది, నెలల పాతది. ప్రతి ఎక్స్‌టెన్షన్ ప్యాకేజ్ జేసన్‌లో ఇంజిన్స్ అని ఒకటుంటుంది, కనీసం ఏ ఎడిటర్ వెర్షన్ కావాలో అందులో రాసి ఉంటుంది. నీ ఎడిటర్ దానికంటే పాతదైతే ఎక్స్‌టెన్షన్ పనిచేయదు. మామూలుగా ఎడిటర్లోంచి ఇన్‌స్టాల్ చేస్తే తనకు సరిపోయే పాత వెర్షన్ అదే వెతుక్కుంటుంది. నిక్స్ నువ్వు చెప్పింది తెచ్చి పెడుతుంది, అంతే. ఆ ఫ్లేక్‌లోనే నీ ఎడిటర్ వెర్షన్ చెప్పి, దానికి సరిపోయేవే ఇమ్మనే వీలుంది. అది వాడు.

పాతటెర్మినల్
ఇందాకటి నుంచి లెక్కపెడుతున్నాను. గిట్ యాడ్, కామా, అన్‌ఫ్రీ, రీడ్ ఓన్లీ, లోడర్, హ్యాష్, ఇంజిన్స్. ఏడు గోతులు. నా 5 లైన్ల స్క్రిప్ట్‌లో ఒక్కటే గొయ్యి, అది కూడా తీసేయడం రాకపోవడం.

రోల్‌బ్యాక్_రాణి
లెక్క సరిగ్గానే ఉంది, కాదనను. కానీ ఒక విషయం. 2025 అక్టోబరులో ఓపెన్ విఎస్‌ఎక్స్‌లో గ్లాస్‌వార్మ్ అనే మాల్వేర్ గొడవ గుర్తుందా? కంటికి కనిపించని యూనికోడ్ అక్షరాల్లో కోడ్ దాచారు. ఎడిటర్లో తెరిచి చదివినా ఖాళీ లైన్లలా కనిపిస్తుంది. పాపం ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు కొత్తగా ఏమీ నొక్కలేదు. ముందే ఉన్న ఎక్స్‌టెన్షన్ ఆటో అప్‌డేట్‌లో మారిపోయింది. లాక్ ఫైలు ఉన్నవాళ్లకి ఆ వారం టెన్షన్ లేదు, వాళ్లు అప్‌డేట్ కొడితేనే వస్తుంది.

పాతటెర్మినల్
వెర్షన్ రాసి, ఆటో అప్‌డేట్ ఆపితే నాకూ రాదు.

రోల్‌బ్యాక్_రాణి
రాదు. ఒప్పుకుంటాను. కానీ అదే వెర్షన్ నంబర్ కింద అవతల ఫైలు మారిస్తే మీకు తెలియదు, నాకు హ్యాష్ కలవదు.

రాత్రిపాళీ
హ్యాష్ కలిసినంత మాత్రాన మంచి ఫైలని కాదు రాణిగారూ. నువ్వు పిన్ చేసిన రోజే అది చెడ్డదైతే, అదే చెడ్డ ఫైలు రెండు మెషీన్లకీ పక్కాగా చేరుతుంది. పిన్ చేసి ఏడాది మర్చిపోతే, సరిచేసిన సెక్యూరిటీ బగ్గులు కూడా మనకి చేరవు. అది మాట్లాడరు ఎవరూ.

రోల్‌బ్యాక్_రాణి
నిజమే. నేను రెండు వారాలకోసారి ఫ్లేక్ అప్‌డేట్ కొట్టి, లాక్ ఫైలు డిఫ్ చూసి కమిట్ చేస్తాను. తాజా కాదు, పాతా కాదు.

ఊరికేచూస్తా
నిక్స్ ఉన్నా ఎడిటర్ ఆటో అప్‌డేట్ ఆఫ్ చేయాలి, మర్చిపోవద్దు. డిఫాల్ట్‌లో ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌లో మనం కూడా చేత్తో పెట్టుకోవచ్చు, ఒక్కోదానికీ విడి లింకు ఉంటుంది కాబట్టి. అప్పుడు ఎడిటర్ దాని పక్కనే కొత్త వెర్షన్ తెచ్చి పెడుతుంది. ఏది నడుస్తుందో చూసుకునేదాకా తెలియదు. మ్యూటబుల్ ఎక్స్‌టెన్షన్స్ డిర్ అనే ఆప్షన్ ఫాల్స్ చేస్తే మొత్తం ఫోల్డరే స్టోర్‌కి లింకైపోతుంది. ఎడిటర్లోంచి ఎవరూ ఏమీ పెట్టలేరు.

కొత్తలాప్‌టాప్
అంటే ఊరికే ఒక ఎక్స్‌టెన్షన్ ఎలా ఉందో చూద్దామంటే?

సెమికోలన్_సుందరి
చూడలేవు. అందుకే నేను ట్రూలోనే ఉంచాను. కొత్తది చేత్తో పెట్టి వారం వాడతాను. నచ్చితే ఫైల్లోకి ఎక్కుతుంది, లేకపోతే పోతుంది. ప్రొబేషన్ అన్నమాట.

హ్యాష్‌తప్పింది
నాది ఫాల్స్. ప్రొబేషన్‌లో పెట్టినవాళ్లు ఎప్పటికీ పోరు, ఆఫీసులో చూళ్లేదా.

సెమికోలన్_సుందరి
😄 అదీ నిజమే. నా దగ్గర ఒకటుంది, 8 నెలలుగా ప్రొబేషన్.

బ్రూబాబు
ఒక చిన్న ప్రశ్న. ప్రోగ్రామ్స్ విఎస్‌కోడ్ ఎక్స్‌టెన్షన్స్ అని రాస్తే పేరు మారిందని వార్నింగ్ వస్తోంది, ఆఫీసు మెషీన్లో.

హ్యాష్‌తప్పింది
హోమ్ మేనేజర్ 25.05 విడుదల నుంచి ప్రొఫైల్స్ వచ్చాయి. ఇప్పుడు ప్రోగ్రామ్స్, విఎస్‌కోడ్, ప్రొఫైల్స్, డిఫాల్ట్, ఎక్స్‌టెన్షన్స్. యూజర్ సెట్టింగ్స్‌ కూడా అక్కడికే. డిఫాల్ట్ కాక ఇంకో ప్రొఫైల్ పెట్టావంటే ఆ మ్యూటబుల్ ఆప్షన్ దానంతటదే ఫాల్స్ అవుతుంది, చూసుకో. సుందరి గారి ప్రొబేషన్ స్కీము అప్పుడు రద్దు.

అన్నట్టు, ఆఫీసులో నిక్స్ వాడుతూ ఇక్కడ బ్రూ గురించి చెప్తున్నావా?

బ్రూబాబు
ఇంట్లో బ్రూ, ఆఫీసులో నిక్స్. నోరు మూసుకుంటా.

కొత్తలాప్‌టాప్
అప్‌డేట్. సిస్టమ్ కోడియం తీసేశాను, హోమ్ మేనేజర్‌లో ప్యాకేజీ కోడియం చేశాను. 21 వచ్చాయి. ఆ రెండూ ఫ్లేక్ నుంచి తెచ్చాను, 23. సెట్టింగ్స్ సుందరి గారి పద్ధతిలో గిట్ ఫోల్డర్‌కి లింకు. ఫార్మాటర్‌ని మాత్రం చేత్తో పిన్ చేశాను, టీమంతా ఏ వెర్షన్ వాడుతున్నారో అడిగి అదే. రెండు మెషీన్లలో అదే ఫైలు సేవ్ చేసి చూశాను, డిఫ్ ఖాళీ. ఇంతకుముందు ఖాళీ డిఫ్ చూసి ఇంత సంతోషపడ్డ గుర్తులేదు.

ఒక్కటి మిగిలింది. ఒక ఎక్స్‌టెన్షన్ ప్రతి మెషీన్లోనూ మళ్లీ లాగిన్ అడుగుతోంది, నేను పెట్టుకున్న స్నిపెట్లు కూడా అందులో రాలేదు.

రోల్‌బ్యాక్_రాణి
అది నిక్స్ పరిధి కాదు. ఎక్స్‌టెన్షన్ కోడ్ నిక్స్ తెస్తుంది, అది దాచుకునే సమాచారం యూజర్ ఫోల్డర్లో గ్లోబల్ స్టోరేజ్‌లో ఉంటుంది. వెనక్కి జనరేషన్ మార్చినా అది మారదు. కొత్త వెర్షన్ ఆ డేటాని కొత్త రూపంలోకి మార్చేశాక పాత వెర్షన్‌కి వెళ్తే అర్థంకాక ఏడుస్తుంది. నాకు ఒకసారి అయింది. బ్యాకప్ విడిగా తీసుకో.

రాత్రిపాళీ
ఇంకోటి, చోటు చాలట్లేదని చెత్త ఏరే కమాండ్‌ని హైఫన్ డి పెట్టి కొట్టకు, పాత జనరేషన్లన్నీ పోతాయి. వెనక్కి వెళ్దామంటే వెనక ఏమీ ఉండదు. నేను కొట్టిన మర్నాడే అవసరమైంది.

పాతటెర్మినల్
ఎనిమిది, తొమ్మిది.

ఈమాక్స్_సన్యాసి
నిక్స్ మొదలైంది 2003లో. విఎస్ కోడ్ ప్రకటించింది 2015లో. ఇరవై ఏళ్లు దాటిన ప్యాకేజీ మేనేజర్‌తో పదేళ్ల ఎడిటర్ని దారికి తేవడానికి ఇన్ని గోతులైతే, నలభై దాటిన నా ఎడిటర్ ఏ గొడవా లేకుండా నడుస్తోంది. ఊరికే గుర్తు చేశాను.

సెమికోలన్_సుందరి
సన్యాసి గారూ, మీ కాన్ఫిగ్ ఫైలు ఎన్ని లైన్లు?

ఈమాక్స్_సన్యాసి
సంబంధం లేని ప్రశ్న.

ఊరికేచూస్తా
చెప్పండి పర్లేదు.

ఈమాక్స్_సన్యాసి
3,100.

పాతటెర్మినల్
ఆ తీసేసే 4 లైన్లు ఇవాళ రాశాను. నడిపితే జాబితాలో లేనివని 9 ఎక్స్‌టెన్షన్లు తీసేసింది. అందులో రెండు నేను రోజూ వాడేవి, ఫైల్లో రాయడం మర్చిపోయాను. ఏ వెర్షన్లో తెలియదు. రాణిగారూ, ఏమీ అనకండి.

రోల్‌బ్యాక్_రాణి
నేనేమన్నాను?